ఎడమ కాలితో ఎంచుకున్న కారు

నా ఎక్సెల్ షీట్‌లో పదకొండు కాలమ్స్ ఉన్నాయి. హార్స్‌పవర్, టార్క్, బరువు, ధర, మైలేజీ, ఇన్సూరెన్స్... ఇలా. స్పోర్ట్స్ కారు కొనడానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నా. పన్నెండో కాలమ్ మా ఆవిడ చేర్చింది. దానికి ఆమె పెట్టిన హెడింగ్: ‘ఎన్నిసార్లు ఆగిపోయింది?’

మేం డాలస్ పక్కన ఉంటాం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఇంట్లో ఒక ఆటోమేటిక్ ఎస్‌యూవీ ఉంది. ఇద్దరికీ ఆఫీసుకి వెళ్లాల్సిన రోజులు పెరగడంతో రెండో కారు అవసరం పడింది. మాన్యువల్ గేర్లున్న స్పోర్ట్స్ కారు కొనాలన్నది నా ఇంజినీరింగ్ రోజుల నాటి కోరిక. నాన్న మారుతి 800లో గేర్లు మార్చడం నేర్చుకున్నవాణ్ని కదా, ఆ ‘టక్’మనే చప్పుడు చేతిలోంచి పోలేదు.

మా ఆవిడ వద్దనలేదు. ఒకే ఒక్క షరతు పెట్టింది. ‘‘డబ్బు ఇద్దరం దాచింది. నేను కూడా నడపగలిగితేనే కొందాం’’ అంది.

అసలు సమస్య అక్కడే. తనకి ఇండియా లైసెన్సు ఉంది గానీ మాన్యువల్ రాదు. ఎందుకు రాదని అడిగితే చెప్పింది: ‘‘విజయవాడలో ఇరవై రోజులు డ్రైవింగ్ స్కూల్‌కి వెళ్లా. క్లచ్ మాత్రం ఇరవై రోజులూ మాస్టారే తొక్కారు.’’

మీలో చాలామందికి ఈ కథ తెలిసే ఉంటుంది. ఆ స్కూలు కార్లలో పక్క సీటు దగ్గర కూడా పెడల్స్ ఉంటాయి. మనం స్టీరింగ్ తిప్పుతూ నడిపేస్తున్నాం అనుకుంటాం. నిజానికి నడిపేది ఆయనే!

క్లచ్ అంటే చేద తాడు

ఇంజిన్ వెనక ఫ్లైవీల్ తిరుగుతూ ఉంటుంది. దానికి ఆనుకుని క్లచ్ ప్లేట్. ఆ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి గట్టిగా అదిమి పట్టేది ప్రెషర్ ప్లేట్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగ్. మనం పెడల్ తొక్కితే ఆ పట్టు సడలుతుంది. వదిలితే మళ్లీ పట్టుకుంటుంది. పూర్తిగా పట్టుకునే ముందు రెండూ ఒరుసుకుంటూ వేగం కలుపుకునే చోటు ఒకటుంది. అదే బైటింగ్ పాయింట్.

అమ్మమ్మ ఊళ్లో బావిలోంచి నీళ్లు తోడారా ఎప్పుడైనా? కింద చీకట్లో బొక్కెన కనపడదు. అయినా అది నీళ్లని తాకగానే తాడు పట్టుకున్న చేతికి తెలిసిపోతుంది. మంచి క్లచ్ కూడా అంతే. లోపల ప్లేట్ ఎప్పుడు తాకిందో పాదానికి తెలియాలి.

తెలియకుండా చేసేవి కొన్ని ఉన్నాయి. టార్క్ ఎక్కువున్న ఇంజిన్‌కి గట్టి స్ప్రింగ్ కావాలి, దాంతో పెడల్ బరువెక్కుతుంది. ఆ బరువు తగ్గించడానికి పెడల్ దగ్గర ఇంకో సహాయక స్ప్రింగ్ పెడతారు. అది తొక్కడాన్ని తేలిక చేస్తుంది గానీ, లోపలి సమాచారాన్ని కొంత మింగేస్తుంది. కొన్ని కార్లలో క్లచ్ ఆయిల్ పైపులో చిన్న అడ్డు ఉంటుంది. మనం పెడల్ టక్కున వదిలేసినా క్లచ్ నిదానంగానే పట్టుకుంటుంది. గేర్‌బాక్స్‌కి మంచిదే. కానీ కాలు ఒకటి చెబుతుంటే ప్లేట్ ఇంకోటి చేస్తుంటుంది. వీడియో కాల్‌లో మాట ఆలస్యంగా వినపడినట్టన్నమాట.

ఖాళీ పార్కింగ్‌లో పరీక్ష

స్నేహితుల్ని బతిమాలి కార్లు తెచ్చా. ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్‌లో పరీక్ష. రూల్ ఒక్కటే: యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు. ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ మెల్లగా వదిలి కారుని కదిలించాలి. ఒక్కో కారుకి పది సార్లు. సమతలం మీద ఇలా చేస్తే క్లచ్ పెద్దగా అరగదు, కారు ఇచ్చినవాళ్ల గుండెలు కూడా నిలబడతాయి.

మొదటిది ఒక జర్మన్ కూపే. పేరు చెప్పను, ఫ్రెండ్ అలుగుతాడు. నా షీట్‌లో దానికే ఎక్కువ మార్కులు. నేను నడిపితే అద్భుతంగా ఉంది. తను కూర్చుంటే పదిలో ఏడుసార్లు ఇంజిన్ ఆగిపోయింది. ‘‘ఎక్కడ పట్టుకుంటుందో తెలియట్లేదు. ఏమీ లేదు, ఏమీ లేదు, ఒక్కసారిగా ఎగిరిపడుతోంది’’ అంది. నాకు చిరాకేసింది. కారు మీద కాదు, తన మీద. ‘‘ఇంకొంచెం మెల్లగా వదులు’’ అని నాలుగోసారి అనేసరికి కారు దిగి డోరు వేసింది. అప్పుడు అర్థమైంది, పక్క సీటులో మాస్టారి స్థానంలో ఇప్పుడు నేను కూర్చున్నానని. ఆ తర్వాత కార్లన్నిటికీ నేను బయట నిలబడ్డా.

రెండోది హోండా సివిక్ టైప్ ఆర్. 315 హార్స్‌పవర్, 420 న్యూటన్ మీటర్ల టార్క్, మాన్యువల్‌లో తప్ప దొరకదు. అంత శక్తి ఉంది కాబట్టి పెడల్ మొండిగా ఉంటుందని భయపడ్డా. తేలిగ్గానే ఉంది. ముఖ్యంగా పట్టు ఒక్కసారిగా రాకుండా కొంచెం కొంచెంగా వచ్చింది. పదిలో మూడుసార్లు ఆగింది.

‘అలవాటైంది కాబట్టి బాగా చేస్తోందేమో’ అని నాలోని టెస్టింగ్ బుర్ర అంది. అందుకే మళ్లీ మొదటి కారు ఎక్కించా. ఐదుసార్లు ఆగింది. అంటే తేడా కొంత అలవాటుది, కొంత కారుది.

గేర్ రాడ్ వెనక ఏముంది?

ఇక చేతి సంగతి. టైప్ ఆర్‌లో ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాల్ని తిప్పుతుంది. గేర్‌బాక్స్ కూడా అక్కడే. కాబట్టి మన చేతిలోని గేర్ రాడ్‌ని దానికి కలిపేవి రెండు కేబుల్స్. ఒకటి ఎడమ-కుడి కదలికకి, ఇంకోటి ముందు-వెనక్కి. సైకిల్ బ్రేక్ తీగ గుర్తు తెచ్చుకోండి. తీగ సాగినా, రబ్బరు బుష్‌లు మెత్తబడినా గేర్ ‘పడినట్టు’ ఉండదు, బంకలో కర్ర తిప్పినట్టుంటుంది. ఆ కేబుల్స్‌తోనే టైప్ ఆర్‌లో గేర్లు గడియ పడ్డంత స్పష్టంగా పడతాయి. ఇంజినీర్లు శ్రద్ధ పెడితే కేబుల్ తక్కువదేం కాదని అక్కడ తెలిసింది.

ఇంజిన్ నిలువుగా ఉండి వెనక చక్రాల్ని తిప్పే కార్లలో గేర్‌బాక్స్ సరిగ్గా మన చెయ్యి కిందికే వస్తుంది. రాడ్ నేరుగా దాని మీద కూర్చుంటుంది. 1999 నుంచి 2009 దాకా వచ్చిన హోండా ఎస్2000 గేర్ రాడ్‌ని ఇప్పటికీ జనం తలచుకునేది అందుకే. మాజ్దా ఎంఎక్స్-5 మియాటాదీ అదే పద్ధతి.

‘రాడ్ ఎంత పొట్టిగా కదిలితే అంత గొప్ప’ అనుకునేవాణ్ని. అదీ పూర్తిగా నిజం కాదు. కదలిక సగానికి తగ్గిస్తే చేతి బలం దాదాపు రెట్టింపు కావాలి. లోపల సింక్రోనైజర్లు రెండు వేగాల్ని ఒకటి చేశాకే గేర్ పడాలి. వాటికి ఆ క్షణం ఇవ్వకపోతే గరగర. చలికాలం పొద్దున గేర్ ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు సెకండ్ గేర్ కొంచెం మొరాయించేది కూడా అందుకే. తప్పు మీది కాదు, నాలుగు మైళ్లు ఆగండి.

పోర్షే నేర్పిన లెక్క

ఒక కొలీగ్ దయతో పోర్షే 718 కేమన్ జీటీఎస్ 4.0 కూడా నడిపా. (మా ఆవిడ స్టీరింగ్ ముట్టనంది. ‘‘ఆగిపోతే మన ఫ్లాట్ ఈఎంఐ అంత అవుతుంది’’ అంది.) క్లచ్, గేర్ రాడ్, యాక్సిలరేటర్... మూడింటి బరువూ ఒకే తూకంలో ఉంది. ఒకటి మొరటుగా, ఒకటి మెత్తగా లేదు. మంచి ఫీల్ అంటే ఇదే అనిపించింది.

కానీ రెండో గేర్‌లోనే అది గంటకి 80 మైళ్లు దాటేస్తుంది. అమెరికాలోకెల్లా ఎక్కువ స్పీడ్ లిమిట్ మా టెక్సస్‌లోని ఒక టోల్ రోడ్డు మీద ఉంది, అదే 85. అంటే ఇంత మంచి గేర్ రాడ్ ఇచ్చి, దాన్ని వాడే పని పెద్దగా ఇవ్వలేదన్నమాట!

‘ఆటోమేటిక్కే వేగం కదా, ఈ గోలంతా ఎందుకు?’ అనొచ్చు మీరు. పోర్షే కూడా ఓసారి అలాగే అనుకుంది. 2013లో 911 జీటీ3ని ఆటోమేటిక్ తరహా పీడీకే గేర్‌బాక్స్‌తోనే తెచ్చింది. అభిమానులు గొడవ చేశారు. 2016లో మాన్యువల్‌గా మాత్రమే 911 ఆర్ వచ్చింది, మొత్తం 991 కార్లు. మరుసటి ఏడాది జీటీ3కి మాన్యువల్ తిరిగొచ్చింది. గడియారంలో ఓడిపోయిన పెడల్‌ని మనుషులు అడిగి మరీ తెప్పించుకున్నారు.

పెద్దాయన మియాటా

చివరిది 2019 మియాటా. అమ్ముతున్నది ఒక రిటైర్డ్ పెద్దాయన. 181 హార్స్‌పవర్, బరువు సుమారు 1,060 కిలోలు. నా షీట్‌లో దానిది ఆఖరి స్థానం. మొహమాటంగానే మా పరీక్ష గురించి చెప్పా. ఆయన నవ్వి తాళాలు నాకివ్వలేదు, తనకిచ్చారు.

పదిలో ఒక్కసారి ఆగింది. టార్క్ తక్కువ కాబట్టి క్లచ్‌కి పెద్ద స్ప్రింగ్ అక్కర్లేదు, పెడల్ తేలిక. తేలికైనా మూగది కాదు, పట్టుకునే చోటు పాదానికి చెబుతుంది. తర్వాత అడక్కుండానే సెకండ్ వేసింది. ‘టక్’. మళ్లీ న్యూట్రల్, మళ్లీ సెకండ్. ఊరికే ఆ చప్పుడు కోసం! దిగొచ్చి, ‘‘ఇది నాతో మాట్లాడుతోంది’’ అంది.

నాకు క్లచ్ అలవాటే కాబట్టి లోపాల్ని నా కాలు తెలియకుండానే సర్దేస్తోంది. అందుకే నా మార్కులు అబద్ధం చెప్పాయి. రానివాళ్ల కాలు సర్దదు, ఉన్నదున్నట్టు చెబుతుంది. షీట్ మూసేసి మియాటా కొన్నాం.

మీరు కొనేటప్పుడు

ఐ20 ఎన్ లైన్ అయినా, సెకండ్‌హ్యాండ్ స్విఫ్ట్ అయినా ఈ మూడూ చూడండి.

- ఖాళీ సమతలంలో యాక్సిలరేటర్ లేకుండా క్లచ్ వదిలి కదిలించండి. పట్టు మెల్లగా వస్తోందా, ఎగిరిపడుతోందా?
- న్యూట్రల్‌లో రాడ్‌ని పక్కకి నెట్టి వదలండి. మూడు-నాలుగు గేర్ల వరసలోకి దానంతటదే సూటిగా రావాలి.
- ఇంజిన్ వేడెక్కాక మూడు నుంచి రెండుకి మార్చండి. గరగరమంటే సింక్రో అరిగిందని అనుమానించండి.

నాలుగోది, పక్క సీటులో కూర్చుని ‘మెల్లగా వదులు’ అనేవాళ్లని ఇంట్లో వదిలేసి వెళ్లండి.

నిన్న సాయంత్రం కిందినుంచి ఇంజిన్ ఆగిపోయిన చప్పుడొచ్చింది. కిటికీలోంచి చూశా. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎత్తులో మియాటా, వెనక ఇంకో కారు వెయిటింగ్. మళ్లీ స్టార్ట్ చేసింది. కొంచెం వెనక్కి జారింది, ఆగింది, పట్టుకుంది, ఎక్కేసింది.

నేను కిందికి వెళ్లలేదు.