తెర మీద వృత్తం, చీర మీద కోడిగుడ్డు

సూరత్ నగరానికి ఉత్తర దిశలో, తాపీ నది ఆవలి ఒడ్డున అమ్రోలి ఉన్నది. కతార్‌గాం నుండి వంతెన దాటి రాగానే మరమగ్గాల చప్పుడు, దానికి తోడు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాల టకటక వినవస్తాయి. సూరత్‌లో తెలుగువారనగానే లింబాయత్, ఉధ్నా పేట లే ముందుగా స్ఫురిస్తాయి. కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడి ఉన్నాయి. వారి పిల్లల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు సైతం నడుపుతున్నది. అమ్రోలిలో మనవారు తక్కువ; ఇక్కడి మగ్గాల మీద ఒడిశాలోని గంజాం జిల్లావారే అధికం. అందుచేత ఉద్యోగరీత్యా బదిలీపై వచ్చి ఇక్కడ ఇల్లు తీసుకున్న నాకు, పక్క వాటాలోనే ఒక సిరిసిల్ల కుటుంబం తారసపడటం అదృష్టమే అనుకున్నాను.

ఆ ఇంటి యజమాని పూర్వం మరమగ్గం నేసినవాడు. పెద్దకుమార్తె తెలుగు బడిలో చదివి, ఆపై ఎంబ్రాయిడరీ డిజైన్ 'పంచింగ్' నేర్చుకున్నది. పంచింగ్ అనగా కాగితం మీది పువ్వును కంప్యూటర్‌లో గీసి, ఏ కుట్టు ఎక్కడ పడాలో, ఏ దారం ఎప్పుడు మారాలో యంత్రానికి అర్థమయ్యే విధంగా ఫైలు తయారుచేయడం. సూరత్‌లో ఇంటి వద్ద కూర్చుండి ఈ పని చేసే ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఈ అమ్మాయి ఒక పాత కంప్యూటర్, 22 అంగుళాల మానిటర్ కొనుక్కొని, మొదటిసారిగా ఒక వ్యాపారి వద్ద నేరుగా పని పట్టుకున్నది. చీర అంచుకు గుండ్రని బుటాలు. ఒక్కొక్కటి 60 మిల్లీమీటర్లు.

వ్యాపారి నమూనా కుట్టించి చూడగా, బుటాలన్నీ నిలువుగా సాగిన కోడిగుడ్లై కూర్చున్నాయి. నమూనాకు అయిన గుడ్డ, దారం, యంత్రం కూలి ఆమె లెక్కలో వేశాడు. మరొక్క నమూనా తప్పితే పని వేరొకరికి ఇస్తానన్నాడు.

ఆ సాయంత్రం తండ్రి మా గడప వద్దకు వచ్చాడు. "అన్నా, జర మా బిడ్డ కంప్యూటర్ సూస్తవా? తెర మీద మంచిగనే గుండ్రంగ ఉన్నది. గుడ్డ మీదికి పోంగనే సాగుతున్నది. దుకాణపాయన కొత్త కార్డు ఎయ్యాలంటున్నడు. నాలుగున్నర వేలట."

ఆ నాలుగున్నర వేలు చిన్నమ్మాయి పన్నెండో తరగతి ఫీజు కొరకు దాచినవని తరువాత తెలిసింది.

నేను కంప్యూటర్ ఇంజినీరును కాను. అయినా మన కార్యాలయంలో యంత్రాలు మొరాయించినప్పుడల్లా చుట్టూ చేరి చూచినవాడిని గనుక, వెళ్లి కూర్చున్నాను. తెర మీద బుటా నిజంగానే చక్కగా గుండ్రంగా ఉన్నది. జేబులోని స్టీలు స్కేలు తీసి తెర మీద ఆనించి కొలిచాను; అడ్డం, నిలువు సరిసమానం. అదే బుటాకు ఆ సాఫ్ట్‌వేర్ చూపుతున్న కొలతలు చదవమన్నాను. "అడ్డం 45, నిలువు 60, కాకా" అని చదివి, తానే ఉలిక్కిపడింది. (కాకా అనే పిలుపు తెలంగాణలోనూ చెల్లుతుంది, గుజరాతీలోనూ చెల్లుతుంది. ఆ పిల్ల ఏ భాషలో పిలిచిందో ఇప్పటికీ నాకు తెలియదు.)

జరిగినది ఇది. ఆ మానిటర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్నాయి. వెడల్పుకు ఎత్తుకు గల నిష్పత్తి 16:9. కాని కంప్యూటర్ పంపుతున్న చిత్రం 1024×768. దాని నిష్పత్తి 4:3. చదరపు ముఖం గల చిత్రాన్ని వెడల్పాటి తెర నిండా సాగదీయగా, ప్రతి ఆకారం అడ్డంగా మూడింట ఒక వంతు పెరిగింది. అమ్మాయి గీసిన సరియైన వృత్తం తెర మీద పొట్టిగా, లావుగా కనబడింది. తన చేతి తప్పే అనుకొని, కంటికి గుండ్రంగా అగుపించేవరకు వెడల్పును నొక్కింది. అరవైలో నాలుగో వంతు పోగా నలభై అయిదు. యంత్రానికి కన్నులు లేవు. ఫైలులో ఉన్నది కుట్టింది.

డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరచి చూడగా, రిజల్యూషన్ పట్టికలో 1024×768కు మించి మరొకటి లేదు. దుకాణదారు 'ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కు ఇంతే శక్తి' అన్నది దీనిని చూచియే. ఆ మాట ఎంతవరకు నిజం?

ఒకప్పుడు నిజమే. 1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన వీజీఏ పద్ధతిలో 640×480 చుక్కలు, 16 రంగులు. ఆ ఒక్క చిత్రానికి 1,53,600 బైట్లు కావాలి. కార్డులో ఉన్నది 256 కిలోబైట్లు. 1024×768 చిత్రం 256 రంగులలో కావాలంటే 7,86,432 బైట్లు; అనగా ఒక మెగాబైట్ కార్డు ఉంటేనే సాధ్యం. అదే చిత్రాన్ని కోటి అరవై ఏడు లక్షల రంగులలో చూడాలంటే ఆ కార్డు చాలదు. ఆ రోజులలో కార్యాలయ యంత్రాల ముందు కూర్చున్నవారికి రంగులు కావాలా, చుక్కలు కావాలా అని తేల్చుకోవలసిన స్థితి గుర్తుండే ఉంటుంది. 1999లో ఇంటెల్ 810 చిప్‌సెట్‌తో గ్రాఫిక్స్ మదర్‌బోర్డులోనే కలిసిపోయి, కంప్యూటర్ ప్రధాన జ్ఞాపకశక్తినే కొంత వాడుకొనడం సామాన్యమైంది. నేడు 1920×1080 చిత్రానికి కావలసినది సుమారు 8 మెగాబైట్లు. గిగాబైట్లు గల యంత్రంలో అది సముద్రంలో కాకిరెట్ట. ఈ అమ్మాయి కంప్యూటర్ ఇంటెల్ కోర్ ఐ3, మూడవ తరానిది. దానిలోని గ్రాఫిక్స్ పాత వీజీఏ తీగ ద్వారా సైతం 2048×1536 వరకు పంపగలదు. కనుక పరిమితి చిప్‌లో లేదు. మరి ఎక్కడున్నట్లు?

డివైస్ మేనేజర్ తెరచి 'డిస్‌ప్లే అడాప్టర్లు' అన్న వరుస చూచాను. ఇంటెల్ పేరు ఉండవలసిన చోట 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉన్నది. పాఠకులు ఈ మాటను గుర్తుంచుకొనవలెను. విండోస్‌కు ఆ చిప్ ఎవరో తెలియనప్పుడు, ఏదో ఒక చిత్రం తెర మీదికి రావాలి గనుక పెట్టుకొనే తాత్కాలిక డ్రైవర్ అది. క్రొత్తగా వచ్చిన అధికారికి ఊరు, భాష తెలియక ముందు దుబాసీ పెట్టుకున్నట్లు. దుకాణంలో విండోస్‌ను మళ్లీ ఎక్కించి, అసలు డ్రైవర్ వేయకుండానే యంత్రం చేతికి ఇచ్చారు. ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ లేదు కనుక విండోస్ తానై తెచ్చుకొనే వీలు లేకపోయింది.

మూత విప్పి మదర్‌బోర్డు మీద అచ్చయిన మోడల్ పేరు వ్రాసుకొని, మా ఇంట్లో ఆ తయారీదారు సైటు నుండి డ్రైవర్ దించి, పెన్‌డ్రైవ్‌లో పట్టుకువెళ్లాను. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 'మీ డ్రైవర్లన్నీ ఉచితంగా సరిచేస్తాం' అని తమంతట తామే పిలిచే ప్రోగ్రాముల జోలికి పోరాదు. బోర్డు తయారీదారు, లేక చిప్ తయారీదారు. ఈ ఇద్దరిని దాటి వెదకవలసిన పనిలేదు. మరీ పాత చిప్‌లకు క్రొత్త విండోస్ డ్రైవర్లు రాకపోవడం కూడ కద్దు. 2007లో విస్టా వచ్చినప్పుడు ఇంటెల్ 915 చిప్‌సెట్ గలవారికి ఇదే అనుభవం. విస్టాకు తగినదని చీటీ అంటించి అమ్మిన యంత్రాలలో ఆ విండోస్ సొగసులు రాక, అమెరికాలో వ్యాజ్యం వరకు వెళ్లింది.

డ్రైవర్ ఎక్కింది. యంత్రం మళ్లీ మొదలైంది. పట్టిక 1280×1024 వరకు పెరిగింది. 1920×1080 మాత్రం లేదు. తండ్రి ముఖంలో వెలుగు వచ్చి, తిరిగి పోయింది. "కార్డే ఎయ్యాల్నంటవా అన్నా?"

నిజం చెప్పవలెనంటే, ఆ రాత్రి నేనూ అంతే అనుకున్నాను. భోజనానంతరం ఒక మాట తట్టింది. చిప్ మాట్లాడగలదు సరే. ఎదుట ఉన్నది ఎవరో దానికి తెలిసిందా?

1994 నుండి మానిటర్లలో ఈడీఐడీ అనే చిన్న పరిచయపత్రం ఉంటున్నది. వీసా అనే ప్రమాణాల సంఘం నిర్ణయించినది. మొత్తం 128 బైట్లు: తయారీదారు ఎవరు, తెర వెడల్పెంత, ఏయే రిజల్యూషన్లు పట్టగలదు. కంప్యూటర్ వెలిగినప్పుడు ఆ పత్రం అడిగి, చదివి, దాని ప్రకారమే పట్టిక తయారుచేస్తుంది. పత్రం అందకపోతే, ఎదుటి తెరకు హాని కలుగరాదని జాగ్రత్తపడి తక్కువ రిజల్యూషన్లే చూపుతుంది. వీజీఏ తీగ కొనలో మూడు వరుసలుగా 15 సూదులుంటాయి. రంగులు మోసేవి వేరు. ఈ పరిచయం మోసేవి 12వది, 15వది. ఆ రెండూ లేకున్నా బొమ్మ చక్కగానే వస్తుంది. అందుకే వాటి లోపం ఎవరి దృష్టికీ రాదు.

మరునాడు డివైస్ మేనేజర్‌లో 'మానిటర్లు' వరుస చూచాను. 'జెనరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్' అని ఉన్నది. ఎదుట ఎవరో ఉన్నారు గాని పేరు చెప్పడం లేదని దీని భావం. వంగి బల్ల వెనుక చూడగా, మానిటర్ తీగ పొట్టిదైనందున దుకాణంవారు సన్నని పొడిగింపు తీగ ఒకటి జతచేసి ఉన్నారు. దాని కొనను దీపం కింద చూస్తే 12వ సూది ఉండవలసిన చోట బోసిగా ఉన్నది. (9వ సూది లేకపోవడం చాల తీగలలో మామూలే, దానిని చూచి భ్రమపడరాదు.) పొడిగింపు తీసివేసి, కంప్యూటర్‌ను మానిటర్ వైపు జరిపి, మానిటర్‌తో వచ్చిన తీగనే నేరుగా తగిలించాను. తెర ఒకసారి నల్లబడి వెలిగింది. మానిటర్ పేరు వచ్చింది. పట్టికలో 1920×1080, ప్రక్కనే 'సిఫారసు చేయబడినది' అన్న మాట. నొక్కి, పదిహేను సెకన్లలోగా అంగీకారం తెలిపితే సరి. తెలుపకపోతే విండోస్ తానే వెనుకకు వస్తుంది. కనుక తెర నల్లబడితే కంగారు పడి మీటలన్నీ నొక్కవలసిన పనిలేదు.

ఖర్చు లేదు. కంప్యూటర్ బల్ల మాత్రం కిటికీ వైపు నుండి గోడ వైపుకు మారింది.

తీగ సరిగా ఉన్నా పత్రం అందని సందర్భాలుంటాయి. నడుమ స్ప్లిటర్లు, చవక రకం కన్వర్టర్లు ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. ముందు వాటిని తీసి చూడవలెను. గత్యంతరం లేనప్పుడే డ్రైవర్ ప్యానెల్‌లో 'కస్టమ్ రిజల్యూషన్' కల్పించుకోవచ్చు. క్రొత్తగా 4కే టీవీకి పాత ల్యాప్‌టాప్ తగిలించినవారికి మరొక సంగతి: హెచ్‌డీఎంఐ 1.4 వరకు 3840×2160 సెకనుకు 30 సార్లే వస్తుంది. 60 సార్లు కావాలంటే 2013లో వచ్చిన 2.0 రెండు వైపులా ఉండాలి. అది మాత్రం నిజమైన పరిమితే. డ్రైవర్ మార్చినా తొలగదు.

అక్షరాలు చిన్నవైనవని మనలో నలభై దాటిన పలువురు రిజల్యూషన్‌నే తగ్గించుకుంటారు. తెలుగుకు ఇది మరింత చేటు. ఆంగ్లాక్షరం కొంత మసకబారినా చదవవచ్చు గాని, వత్తులు, గుడి, గుడిదీర్ఘం భేదాలు రెండు మూడు చుక్కలలోనే ఉంటాయి. రిజల్యూషన్‌ను మానిటర్‌కు సహజమైనదిగా ఉంచి, అదే పేజీలోని 'స్కేల్' అన్న చోట 125 శాతం పెట్టుకొంటే అక్షరం పెద్దదీ అవుతుంది, స్పష్టంగానూ ఉంటుంది.

అమ్మాయి బుటాను మళ్లీ పంచ్ చేసింది. ఈసారి ముందు అంకెలు చూచి, తరువాతనే తెర చూచింది. రెండవ నమూనా వచ్చిన రోజున గుడ్డ ముక్కను మా ఇంటికే తెచ్చి, నా స్కేలు అడిగి కొలిచింది. 60, 60. వ్యాపారి పని ఉంచాడు. మొదటి నమూనా ఖర్చు మాత్రం కోసుకున్నాడు.

మిగిలినది పాత ఫైళ్ల సంగతి. అంతకు ముందు ఆ తెర మీదనే పదకొండు డిజైన్లు ఆమె కంటి కొలతతో 'దిద్దింది'. తొమ్మిదింటిని వెడల్పు మూడింట ఒక వంతు పెంచి తిరిగి సరిచేసుకున్నది. మిగిలిన రెండు నెమలి ఈక డిజైన్లు. నెమలి ఈక ఎంత వెడల్పుండాలో ఎవరు చెప్పగలరు? తాను దిద్దినవో కావో జ్ఞప్తికి రాక, వాటిని వేరే ఫోల్డర్‌లో పెట్టి ఉంచింది.