గంట ప్రయాణం... ముప్ఫయ్యేళ్ళ దూరం!

మద్రాసుకీ హైదరాబాదుకీ దూరమెంత?

ఏ సినిమా అభిమానిని అడిగినా "గంట ఫ్లైటే కదండీ!" అనేస్తాడు. తన హీరో పొద్దున అక్కడ డబ్బింగు చెప్పి, సాయంత్రానికి ఇక్కడ సెట్లో మేకప్‌తో ప్రత్యక్షమవుతాడాయె! కానీ ఈ గంట వెనక చాలా కథ ఉంది సుమండీ.

ముందు లెక్క చూద్దాం. గాలిలో గీత గీస్తే 500 కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు మీద 630 దాకా. కాజీపేట, విజయవాడ, గూడూరు చుట్టి వచ్చే చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌కి దాదాపు 800! అంటే ఓ రాత్రంతా రైల్లోనే జాగారం.

మరి గంటకి 800 కిలోమీటర్లు పోగల జెట్ విమానం నలభై నిమిషాల్లో దిగాలిగా? దిగదు! పైకెక్కడానికి కొంతసేపు, కిందికి దిగడానికి కొంతసేపు నెమ్మదిగా పోవాలి. ఇంత చిన్న దారిలో పూర్తి వేగంతో పోయేది కాసేపే. గాల్లో ఉండేది యాభై నిమిషాలు, అటూ ఇటూగా. రన్‌వే దాకా పాకడం, దిగాక ఆగడం కలిపి టిక్కెట్టు మీద గంటా పావు వేస్తారు.

ఇంకో తమాషా! 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకి మారింది. శంషాబాదు దక్షిణాన ఉంది కనుక గాలిలో దూరం కాస్త తగ్గింది. కానీ జూబిలీహిల్స్ నుంచి కారులో పోయే దారి పెరిగింది!

ఇంతకీ, ఈ గంట ప్రయాణం పూర్తి చేయడానికి తెలుగు సినిమాకి ముప్ఫయ్యేళ్ళు పైనే పట్టింది. 1956లో హైదరాబాదు రాజధాని అయినా స్టూడియోలు, ల్యాబులు, రికార్డింగ్ థియేటర్లు ఎక్కువగా మద్రాసులోనే. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' ఇక్కడి సారథీ స్టూడియోలో తయారైంది. అరవైల్లో అక్కినేని హైదరాబాదులో స్థిరపడ్డారు. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలిసింది. అయినా ఇక్కడ తీసిన నెగటివ్ కడగాలంటే అక్కడి ల్యాబుకే పంపాల్సి వచ్చేది! చివరికి 1996లో రామోజీ ఫిలిం సిటీ వచ్చింది. మద్రాసు పేరు చెన్నైగా మారిందీ ఆ ఏడాదే.

స్టార్లకేం? కాల్షీటుని బట్టి ఇటో ఫ్లైటు, అటో ఫ్లైటు. నిర్మాత టిక్కెట్టు కొంటాడు. కానీ లైట్‌బాయ్, కాస్ట్యూమర్, గ్రూప్ డాన్సర్, ఫైటర్... వీళ్ళకి ఎవరు కొంటారు? కోడంబాకంలో అద్దె ఇల్లు, అక్కడి బళ్ళో పిల్లలు, అక్కడి యూనియన్ కార్డు. షూటింగులు హైదరాబాదుకి తరలిపోతుంటే వాళ్ళ ముందున్నవి రెండే దార్లు. సామాను సర్దుకుని కొత్త ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టడం, లేదా అక్కడే ఉండి మరో భాషలో పని వెతుక్కోవడం. కొందరు వచ్చారు. కొందరు రాలేదు. వాళ్ళకి మాత్రం ఆ దూరం గంటల్లో కొలిచేది కాదు.

ఈసారి మీ అభిమాన తార చలువ కళ్ళద్దాలతో విమానం దిగుతున్న ఫోటో చూసినప్పుడు, ఒకప్పుడు ట్రంకుపెట్టెతో రాత్రి రైలెక్కిన వాళ్ళని కూడా ఓసారి తలుచుకోండి. తెర మీద వాళ్ళ పేర్లు చిన్న అక్షరాల్లో పడ్డాయి, కొందరివి అసలు పడనే లేదు. మన సినిమా మన ఊరు చేరింది వాళ్ళ భుజాల మీదే మరి!