బ్రేకులో బుడగ

నిరుడు వేసవిలో అరకు నుంచి కారులో దిగి వస్తున్నాం. నేనే నడుపుతున్నాను. వెనక సీట్లో మా ఆవిడా, పిల్లలిద్దరూ. అనంతగిరి దాటాక ప్రతి వంపుకూ బ్రేకు తొక్కుతూనే వచ్చాను. ఘాటు రోడ్డు చిన్న గేరులో దిగాలని నాకు తెలుసు. తెలిసినవన్నీ చేస్తే ఇక చెప్పుకోవడానికేముంది!

ఒక వంపు దగ్గర పెడలు తొక్కితే, దూదిదిండు మీద కాలు వేసినట్టు మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. కారు ఆగలేదు. గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, కొండవైపు మట్టిగట్టుకు ఒరిపించి ఎలాగో ఆపాను.

అరగంట పోయాక తొక్కి చూద్దును గదా, పెడలు మళ్ళీ గట్టిగానే వున్నది! "బాగానే వుంది, పోదాం పదండి" అన్నాను. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని రోడ్డుపక్క రాతిమీద కూర్చున్నది. కదలనన్నది. చివరికి వాళ్ళను బస్సెక్కించి, నేనొక్కణ్ణీ మొదటి గేరులో నత్తలా దిగి శృంగవరపుకోట చేరాను.

"బ్రేకు నూనె మార్చి ఎన్నాళ్ళైంది బాబూ?" అన్నాడు షెడ్డులో మేస్త్రీ.

"తగ్గలేదుగా, మార్చడమెందుకు?" అన్నాను. అయిదేళ్ళుగా నా వాదన అదే.

ఆయన నవ్వి నూనె జాకీ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. ఉత్తదాన్ని ఒక్క వేలితో ఆడించగలిగాను. అదే జాకీని కారు కిందకు తోసి ఆడించమంటే రెండు చేతులూ కావలసి వచ్చాయి.

"పంపు నూనెని తోస్తాది, అంతే బాబూ. ఎదురు బరువుంటేనే ఒత్తిడి పుడతాది."

మూసివున్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి తరగకుండా అన్ని వైపులకూ పాకుతుందని ఫ్రాన్సు దేశంలో పాస్కల్ రాసిపెట్టాడు. ఆ గ్రంథం ఆయన పోయిన మరుసటి యేడు, 1663లో, అచ్చయింది. చదరపు సెంటీమీటరు వైశాల్యం వున్న పిస్టను మీద 10 కిలోల బరువు మోపితే, అదే నూనె 50 చదరపు సెంటీమీటర్ల పిస్టను కింద 500 కిలోలను లేపుతుంది. ఊరికే కాదు సుమా! చిన్నది 50 సెంటీమీటర్లు దిగితే పెద్దది లేచేది ఒక్కటే సెంటీమీటరు. ఈ కిటుకుతోనే ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో నీటి ప్రెస్సుకు పేటెంటు పొందాడు. బ్రేకు కూడా ఆ వంశంలోదే. నా కాలు నొక్కిన ఒత్తిడి సన్నని గొట్టాల వెంట నాలుగు చక్రాలకూ పోతుంది.

ఇదంతా ద్రవం నలగదన్న ధీమా మీద నడిచే వ్యవహారం. గాలి అలా కాదు. సైకిలు పంపు మూతికి వేలు అడ్డం పెట్టి నొక్కి చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. బ్రేకు నూనెకు గాలిలోని చెమ్మను పీల్చుకునే గుణం వున్నది. డాట్ 3 రకం నూనె కొత్తగా వున్నప్పుడు 205 డిగ్రీల సెంటీగ్రేడుకు లోపు మరగకూడదని నియమం. నూటికి నాలుగు పాళ్ళు కూడా నిండని చెమ్మ చేరితే చాలు, ఆ హద్దు 140కి పడిపోతుంది. ఘాటులో నేను తొక్కిన తొక్కుడుకు చక్రాల దగ్గర నూనె మరిగి ఆవిరి బుడగలు కట్టింది. నా కాలి బలం బుడగలను నొక్కడానికే సరిపోయింది. చల్లబడగానే బుడగ మళ్ళీ ద్రవమైంది, పెడలు గట్టిపడింది. నేను "పోదాం పదండి" అన్నది సరిగ్గా అప్పుడే!

మేస్త్రీ చక్రం వెనక నిప్పిలుకు సన్నగొట్టం తగిలించి, రెండో కొస సీసాలో వుంచాడు. నేను తొక్కి పట్టుకోవాలి, ఆయన నిప్పిలు వదులుచేస్తాడు, మళ్ళీ బిగించేదాకా నేను కాలు తీయకూడదు. తీస్తే గాలి లోపలికి దూరుతుంది. మొదట టీ డికాక్షను రంగు నూనె వచ్చింది, తరవాత బుడగలు, ఆఖరుకు తేట నూనె. నాలుగు చక్రాలకూ అదే తంతు. నా మోకాలు పట్టేసింది.

అంతవరకూ షెడ్డు ముందు బల్లమీద కూర్చున్న మా ఆవిడ లేచి వచ్చింది.

"ఇప్పుడు ఎక్కొచ్చా?" అని అడిగింది. నన్ను కాదు, మేస్త్రీని.