అయిరేని కుండకు రంగుల పట్టీ

పెండ్లింట అయిరేని కుండలను సున్నముతోను జాజుతోను చిత్రించుట మన పూర్వాచారము. ఇటీవల జరీవలె మెరయు వినైలు టేపు బజారులందు దొరకుచుండుటచే, అనేక గృహములలో ఆ పట్టీలనే కుండలకును కలశపు చెంబులకును అంటించుచున్నారు. పని సులభమువలె తోచును గాని, కుండపై పట్టీ ముడుతలు పడక నిలుచుట కష్టము. అందులకు కారణమును, నివారణమును మేము తెలిసికొన్నంతవరకు ఇచట విన్నవించుచున్నాము.

గిద్దలూరు ప్రాంతమున మా బంధువుల ఇంట వైశాఖమాసమున జరిగిన ఒక వివాహమునకు పోయియుంటిమి. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు అర్ధరాత్రివరకు మేల్కొని, అంగుళము వెడల్పుగల బంగారువన్నె టేపును కుండలకు చుట్టినది. తెల్లవారుసరికి భుజముపై ముడుతలు లేచి, ఒకచోట పట్టీ ఊడి వ్రేలాడుచుండెను. "పొందికలేని చేయి" అని పెద్దలు నలుగురిలో అనిరి. ఆ పిల్ల కన్నులు తుడుచుకొని సున్నపు గిన్నె తెచ్చుకొనెను. మేము విని ఊరకుంటిమి.

ఇంటికి వచ్చినపిమ్మట మేమే ప్రయత్నించి చూచితిమి. మా మార్కాపురపు పలకపై పట్టీ ఒక్క ముడుతయైన లేక పరచుకొనెను. గుండ్రని నిలువు డబ్బాకును చక్కగా చుట్టుకొనెను. కుండపై మాత్రము మా చేతికిని లొంగలేదు. డబ్బా ఒక్క దిక్కుననే వంగును. కుండ అడ్డముగను నిలువుగను వంగును. చదునైనదానిని సాగదీయక, ముడువక, కత్తిరింపక గోళముపై పరచుట అసాధ్యమని గౌసు అను జర్మను గణితవేత్త 1827లో వెలువరించిన సిద్ధాంతమువలన తేలుచున్నది.

లెక్కయు చూడుడు. కుండ భుజము సరిగా సగము వాలుగానున్నచోట, అంగుళము వెడల్పుగల పట్టీకి పై అంచు తిరుగవలసిన చుట్టుకంటె క్రింది అంచు తిరుగవలసిన చుట్టు 4 అంగుళములకు పైగా ఎక్కువ. ఆ ఎక్కువతక్కువలే ముడుతలగుచున్నవి. పావు అంగుళపు పట్టీకైనచో భేదము సుమారు ఒక్క అంగుళమే. దానిని టేపు తన సాగుడుతనముచే సర్దుకొనును. భాస్కరాచార్యులు 1150 ప్రాంతమున రచించిన లీలావతిలో గోళపు పైతలమును బంతిని చుట్టిన వలతో పోల్చిరి. వల సన్నని దారములతో అల్లినదగుటచేతనే గదా బంతిని హత్తుకొనును! పట్టీయు సన్ననైనకొలది కుండకు లొంగును.

ఇక చేయవలసిన విధము. మట్టికుండను పొడిగుడ్డతో దుమ్ములేకుండ తుడిచి, పలుచగా వార్నీషు పూసి, ఒక దినము ఆరనీయవలెను. లోహపు చెంబైనచో జిడ్డుపోవునట్లు కడిగి ఆరబెట్టిన చాలును. తరువాత బోర్లించిన గ్లాసుపై బలపమును కదలకుండ పట్టి, కుండను మెల్లగా త్రిప్పినచో గీత వంకరపోక పడును. ఆ గీతవెంట, కుండ వెనుకవైపున మొదలిడి, ఒకమారు రెండంగుళములు మాత్రమే అంటించుచు, బొటనవ్రేలితో నడుమనుండి అంచులకు ఒత్తవలెను. పట్టీ బిరుసుగానున్నచో కొంచెము ఎండ చూపిన మెత్తబడును. గాలి బుడగ నిలిచినచో సూదితో పొడిచి అదిమిన సరిపోవును. చివరి అంగుళమును మాత్రము ఎంతమాత్రము లాగరాదు. లాగి అంటించిన వినైలు తన పూర్వపు కొలతకు మరలగోరును. మన వైశాఖపు వేడికి జిగురు మెత్తబడగానే కొన లేచిపోవును.

వెడల్పు పట్టీయే కావలెనన్నచో బొజ్జ నడిమి చుట్టుననే వేయుడు. అచట రెండంచుల కొలతయు ఇంచుమించు సమానము. నిలువుగా వేయదలచినచో నారింజతొనవలె రెండుకొనలను సన్నముగా కత్తిరింపవలెను. కాగితపు భూగోళమును చేయువారును అచ్చువేసిన పటమును ఇట్టి తొనలుగనే కత్తిరించి బంతిపై అంటింతురు. నీరుపోయు మట్టికుండకు టేపు తగదు. కుండ చెమర్చి జిగురు విడును. హోమాగ్నికి చేరువనున్న కుండకును తగదు. వినైలు కాలినప్పుడు వచ్చు పొగ హానికరము.

మరుసంవత్సరము ఆ ఇంటనే మరియొక పెండ్లి జరిగెను. మేము ముందుగా పోయి, ఆ కోడలి ప్రక్కను కూర్చుండి, నాడు ఊరకున్నందులకు మా తప్పును ఒప్పుకొంటిమి. ఆమె పావు అంగుళపు పట్టీలు మూడింటిని వరుసగా చుట్టి, వాని నడుమ సున్నపు చుక్కలు పెట్టినది. పెండ్లి ముగియువరకు ఒక్క కొనయైన లేవలేదు. తప్పు చేతిలో నున్నదో, వస్తువులో నున్నదో విచారింపకయే ఇంటి పిల్లలను నిందింపకుందుము గాక!