మాంగా కోసం కొంటే చందమామకూ పనికొస్తుంది

2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ మన థియేటర్లకు వచ్చినప్పుడు హిందీ, తమిళంతో పాటు తెలుగు మాటలతోనూ వచ్చింది. చిన్నప్పుడు టీవీలో షించాన్ అల్లరి చూసి నవ్విన పిల్లలు ఇప్పుడు ఇంటరు, డిగ్రీ చదువుతున్నారు. సినిమా చూసి బయటికొచ్చిన వెంటనే వాళ్లకు పుట్టే ప్రశ్న ఒక్కటే: తర్వాత ఏమవుతుంది? దానికి జవాబు మాంగాలో, అంటే ఆ సినిమాకు మూలమైన జపాన్ బొమ్మల కథలో ఉంది. అది మొత్తం 23 సంపుటాలు, మనకు అందేది ఇంగ్లీషులో. సంపుటం నాలుగు వందలనుకున్నా తొమ్మిది వేలు దాటుతుంది. ‘నరూటో’ చదవాలంటే 72 సంపుటాలు. ‘వన్ పీస్’ 2021లోనే వందో సంపుటం దాటింది, ఇంకా నడుస్తూనే ఉంది.

డబ్బులున్నా దొరకాలి కదా! మదనపల్లె, పుంగనూరు పుస్తకాల షాపుల్లో గైడ్లు, టెస్ట్ పేపర్లు దొరికినంత తేలిగ్గా మాంగా దొరకదు. కుప్పం వాళ్లకు బెంగళూరు రైలు ఉంది కాబట్టి చర్చ్ స్ట్రీట్ దాకా వెళ్లి బ్లాసమ్ లాంటి షాపులో వెతుక్కోవచ్చు. గంగవరం కుర్రవాడు పలమనేరు వచ్చి బస్సెక్కాలి. అందుకే ఈ ప్రాంతంలో మాంగా ఎక్కువగా ఫోన్‌లోనే చదువుతున్నారు. అందులో చట్టబద్ధమైన దారులు కూడా ఉన్నాయి. మాంగాను ఇంగ్లీషులో తెచ్చే విజ్ సంస్థ 2018 డిసెంబరులో షోనెన్ జంప్ పత్రిక చందాను కొత్త పద్ధతిలో మొదలుపెట్టినప్పుడు, అది అందిన కొద్ది దేశాల్లో ఇండియా కూడా ఉంది. 2019 జనవరిలో జపాన్ ప్రచురణ సంస్థ షుయెయిషా తెచ్చిన మాంగా ప్లస్ ఆప్‌లో చాలా కథల మొదటి, తాజా అధ్యాయాలు ఉచితం.

చిక్కంతా ఫోన్ తెరతోనే. పేజీ మొత్తం కనిపించేలా పెడితే మాటలు ఆవగింజలంత ఉంటాయి. మాటల్ని పెద్దవి చేస్తే బొమ్మ ముక్కలవుతుంది. మాంగాలో కథ నడిచేది పేజీ మొత్తం ఒక్కచూపులో కంటికి ఆనినప్పుడే. ఒక గడిలో కత్తి లేస్తుంది, పక్క గడిలో పడుతుంది. ఆ రెండిటి మధ్య వేలితో తెరను జరుపుతూ కూర్చుంటే దెబ్బలో పస ఉండదు.

అప్పుడు ఈ-రీడర్ సంగతి గుర్తొస్తుంది. దాని తెర 1997లో ఎమ్‌ఐటీ నుంచి పుట్టుకొచ్చిన ఈ-ఇంక్ కంపెనీ తయారుచేసినది. అందులో కంటికి కనపడనంత చిన్న గుళికలు ఉంటాయి. ఒక్కో గుళికలో తెల్లరేణువులు, నల్లరేణువులు వ్యతిరేక విద్యుదావేశాలతో ఈదుతుంటాయి. కరెంటు ఇచ్చిన తీరును బట్టి తెల్లవి పైకొస్తాయి, లేదా నల్లవి పైకొస్తాయి. ఒకసారి అమరిన పేజీ అలాగే నిలబడిపోతుంది, దాన్ని పట్టి ఉంచడానికి కరెంటు అక్కర్లేదు. వారాల తరబడి ఛార్జింగ్ పెట్టనక్కర్లేకపోవడానికి కారణం ఇదే. ఎండలో కూర్చుని చదివినా అక్షరం వెలిసిపోదు. సోనీ 2004లో జపాన్‌లో లిబ్రియే అనే రీడర్‌తో దీన్ని మొదలుపెట్టింది. 2007 నవంబరులో అమెజాన్ కిండిల్ వచ్చాకే ఈ సరుకు సంగతి లోకానికి తెలిసింది.

ఏది కొనాలని అడిగితే షాపువాళ్లు, వీడియోలవాళ్లు మోడళ్ల పేర్లు చదువుతారు. దానికన్నా ముందు స్కేలు పట్టుకుని కూర్చోవడం మంచిది. జపాన్‌లో అచ్చయ్యే మామూలు మాంగా పుస్తకం సుమారు 11 సెంటీమీటర్ల వెడల్పు, 17 సెంటీమీటర్లకు కాస్త పైన ఎత్తు ఉంటుంది. ఆరు అంగుళాల తెర అంటే తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు, పన్నెండు ఎత్తు. అందులో మాంగా పేజీ అసలు సైజులో 70 శాతానికి కుంచించుకుపోతుంది. ఏడు అంగుళాల తెర ఎత్తు 14 సెంటీమీటర్లు, పేజీ 80 శాతం దాకా వస్తుంది. ఎనిమిది అంగుళాల్లో దాదాపు అచ్చు పుస్తకమే. 70 శాతానికి కుదించిన మాటల బుడగలు చదవగలిగినా, పక్కన బుల్లి అక్షరాల్లో వేసే గొణుగుళ్లు చదవలేం. ఆ గొణుగుళ్లలోనే సగం హాస్యం ఉంటుంది.

తర్వాత చూడాల్సింది అంగుళానికి ఎన్ని చుక్కలు అన్నది. ఇప్పుడొచ్చే మంచి రీడర్లన్నీ 300 ఇస్తున్నాయి, అంతకు తగ్గితే తీసుకోవద్దు. మాంగాలో బూడిదరంగు నిజానికి రంగు కాదు, స్క్రీన్‌టోన్ అనే సన్నని నల్లచుక్కల అల్లిక. దాన్ని తక్కువ చుక్కల తెరమీద కుదిస్తే పట్టుచీర మడతల్లో మెరుపు కదిలినట్టు అలలు తేలతాయి. ఒకసారి కంటబడితే ఆ అలల్ని మరిచిపోయి కథ చదవడం కష్టం.

రంగు తెర కావాలా? కిండిల్ కలర్‌సాఫ్ట్, దానికి పోటీ అయిన కోబో కంపెనీ లిబ్రా కలర్ రెండూ 2024లో వచ్చాయి. నలుపు తెలుపుల్లో 300 చుక్కలు చూపించే ఆ తెరలు రంగులో 150 మాత్రమే చూపిస్తాయి. రంగు కోసం పైన వేసే జల్లెడవల్ల నేపథ్యం కూడా కాస్త మసకబారుతుంది. మాంగా దాదాపు మొత్తం నలుపు తెలుపే కాబట్టి దానికోసం రంగుకు అదనంగా పెట్టే డబ్బు దండగ. అమర్ చిత్ర కథలు చదివే పిల్లలు ఇంట్లో ఉంటే అది వేరే సంగతి.

ఇక జాగా. నవల ఫైలు ఒకటి రెండు ఎంబీలు ఉంటే, మాంగా సంపుటం ఒక్కటే వంద ఎంబీల దాకా తింటుంది. 2016లో అమెజాన్ జపాన్ పాఠకుల కోసమే ఒక ‘మాంగా మోడల్’ కిండిల్ పేపర్‌వైట్ తెచ్చింది. తెర మామూలుదే, జాగా మాత్రం 32 జీబీ, పేజీలు తిరిగే వేగం పెంచారు. మాంగా చదివేవాడు పేజీకి పది సెకన్లు కూడా ఆగడు మరి.

ఇంతవరకూ పిల్లల గోల. అయితే ఇదే మిషను అదే ఇంట్లోని తాతయ్యకూ పనికొస్తుంది, అదీ మాంగాకు పనికొచ్చిన కారణంతోనే. తెలుగు డిజిటల్ పుస్తకం కూడా చాలావరకు బొమ్మే.

దశాబ్దాలుగా తెలుగు పుస్తకాలు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ మీద, అను ఫాంట్లతో తయారయ్యాయి. అవి అన్ని మిషన్లకూ అర్థమయ్యే యూనికోడ్ కావు. అచ్చుకు చక్కగా ఉంటాయి, కానీ ఆ ఫైలును అలాగే ఈ-బుక్ చేయబోతే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. అందుకే ప్రచురణకర్తలు పీడీఎఫ్ దగ్గరే ఆగిపోయారు. పీడీఎఫ్‌లో పేజీ బిగుసుకుని ఉంటుంది. అక్షరం పెద్దది చేస్తే వాక్యం కిందికి సర్దుకోదు, పేజీయే తెర బయటికి పోతుంది.

పాత పుస్తకాల కథ మరీ స్పష్టం. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్‌లో పనిచేస్తూ 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలన్న ప్రయత్నానికి పెద్ద దిక్కయ్యారు. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా నడిచింది. వేలాది తెలుగు పుస్తకాలు అలా పేజీ పేజీ ఫొటోలై నెట్‌లోకి వచ్చాయి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. చిత్తూరు పక్కనే కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి 1951లో పోయారు. రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు గడిస్తే కాపీరైటు ఉండదు కాబట్టి ఆయన ‘కవిత్వతత్త్వ విచారము’ లాంటివి నిశ్చింతగా దింపుకోవచ్చు. కానీ దింపుకున్నది పేజీల ఫొటోలే.

కాబట్టి మళ్లీ స్కేలు తీయాలి. మనవైపు డెమ్మీ సైజు పుస్తకం సుమారు 14 సెంటీమీటర్ల వెడల్పు, 21న్నర ఎత్తు. ఏడు అంగుళాల తెరమీద అది మూడింట రెండు వంతులకు తగ్గిపోతుంది. అంచుల తెల్లజాగా కత్తిరిస్తే 80 శాతం దాటుతుంది. ఇక్కడే ఒక్కో మిషను తత్వం బయటపడుతుంది. కోబోలో కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటే అంచులు తానే కత్తిరిస్తుంది, వెలిసిన స్కాన్‌ను ముదురు చేస్తుంది. కిండిల్ అయితే ముందే కంప్యూటర్లో కే2పీడీఎఫ్ఆప్ట్ లాంటి దానితో కత్తిరించి పంపుకోవాలి. చందమామ పాత సంచికలు రెండు కాలమ్‌లు. వాటికి ఒక్కో కాలమ్ పెద్దది చేసి చూపించే సౌకర్యం ఉండాలి, లేదా పది అంగుళాల తెర ఉండాలి. కళ్లజోడు మార్చుకుంటూ చదివే వయసువాళ్లకు పదే మేలు. జేబుకు భారమే, ఒళ్లో పెట్టుకుని చదవడానికి మాత్రం హాయి.

అసలైన అక్షరాల తెలుగు ఈ-బుక్ సంగతికొస్తే కుప్పం గుర్తుకు రాక తప్పదు. మూడు రాష్ట్రాలు కలిసే ఆ ఊళ్లో తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినిపిస్తాయి. ద్రావిడ భాషల కోసం 1997లో విశ్వవిద్యాలయం పెట్టిందీ అక్కడే. అమెజాన్ 2016 డిసెంబరులో కిండిల్‌కు ఐదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అంటే అదే వీధిలో తమిళ పాఠకుడికి విస్తరి వేశారు, తెలుగు, కన్నడ పాఠకుల్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. ఇన్ని కోట్ల మంది మాట్లాడే భాషకు ఆ పంక్తిలో చోటు దక్కకపోవడంలో తప్పు అమెజాన్ ఒక్కదానిదే కాదు, అను ఫాంట్లను వదలని మన ప్రచురణరంగానిది కూడా.

2010లో మొదలైన కినిగె సైటు వేల తెలుగు పుస్తకాలను ఈ-బుక్కులు చేసింది. కాపీ చేసి పంచుకోకుండా వాటికి అడోబీ తాళం వేసింది. ఆ తాళం ఉన్న ఫైలు కిండిల్‌లో తెరుచుకోదు, కోబోలో తెరుచుకుంటుంది. అప్పట్లో కొన్న తెలుగు పుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉంటే, ఈ ఒక్క సంగతే నిర్ణయాన్ని మార్చేయవచ్చు.

తెలుగు యూనికోడ్ ఫైలు ఉన్నా పరీక్ష చేయకుండా డబ్బు కట్టకూడదు. స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, ఈర్ష్య, తీక్ష్ణం... ఇలాంటి పదాలు పది రాసిన ఫైలు ఒకటి చేసి పెట్టుకుని, స్నేహితుల రీడర్‌లోనో షాపులోనో ఎక్కించి చూడాలి. ఒత్తులు హల్లు కిందికి వెళ్లకుండా పక్కన వరుసగా నిలబడితే ఆ మిషను తెలుగుకు పనికిరాదు. ఒత్తులు సరిగా పడి అక్షరం మాత్రం అందంగా లేకపోతే మందు ఉంది. దేశికాచారి గారి పోతన ఫాంటో, ఉచితంగా దొరికే మండలి, రామభద్ర ఫాంట్లో వేసుకోవచ్చు.

ఇక్కడే కంపెనీల గుప్పిట గురించి ఒక మాట. 2009 జులైలో అమెజాన్ హక్కుల గొడవవల్ల, కొనుక్కున్న పాఠకుల కిండిళ్లలోంచి నిఘా ప్రభుత్వం మీద ఆర్వెల్ రాసిన ‘1984’ నవలను చెప్పాపెట్టకుండా చెరిపేసింది. అన్ని పుస్తకాల్లో ఆ పుస్తకాన్నే! 2025 ఫిబ్రవరి 26 నుంచి కొన్న పుస్తకాలను కంప్యూటర్లోకి దింపుకుని తీగతో ఎక్కించుకునే దారి కూడా మూసేసింది. మాంగా అక్కడే కొని అక్కడే చదివేవాళ్లకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. సొంత ఫైళ్లు పోగుచేసుకునేవాళ్లకు కోబో నయం. బొమ్మల కథల ఫైళ్లలో ఎక్కువగా కనిపించే సీబీజెడ్ రకాన్ని అది నేరుగా తెరుస్తుంది. కిండిల్‌కైతే కిండిల్ కామిక్ కన్వర్టర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవాలి. అందులో మాంగా పద్ధతిని ఎంచుకోకపోతే పేజీలు జపాన్ తీరుకు ఎదురుగా, ఎడమనుంచి కుడికి తిరుగుతాయి.

ఆండ్రాయిడ్‌తో నడిచే బూక్స్ రీడర్లలో కిండిల్, షోనెన్ జంప్ ఆప్‌లు రెండూ ఎక్కుతాయి, తెలుగు కూడా ఫోన్‌లో ఎలా వస్తుందో అలాగే వస్తుంది. ధర ఎక్కువ, ఛార్జింగ్ నిలిచేది తక్కువ. రెండు స్టోర్లలో పుస్తకాలు ఉన్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు అంత ఖర్చు అనవసరం.

లెక్క తేల్చాలంటే: మాంగా, ఇంగ్లీషు నవలలు మాత్రమే అయితే ఏడు అంగుళాల నలుపు తెలుపు తెర చాలు. ఆ సైజు పేపర్‌వైట్ 2025 ఏప్రిల్‌లో మన దగ్గర విడుదలైనప్పుడు ధర 16,999 రూపాయలు. ‘డీమన్ స్లేయర్’ అచ్చు పుస్తకాల సెట్టుకు రెండింతల కంటే తక్కువ. తెలుగు స్కాన్లు కూడా చదవాలంటే ఎనిమిది అంగుళాలకు తగ్గవద్దు. రోజూ కుప్పం–బెంగళూరు రైల్లో నిలబడి ఒంటిచేత్తో నవల చదువుకునేవాళ్లకు ఆరు అంగుళాలదే సుఖం. పెద్ద రీడర్‌కు బడ్జెట్ లేకపోతే పాత పది అంగుళాల ట్యాబ్ తెలుగు పీడీఎఫ్‌కు బాగానే పనిచేస్తుంది. కళ్లకు శ్రమ, ఎండలో కనపడదు, అంతే.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు అమ్మేవాడి ఖాతా నుంచి మిషను పేరు తీయించి, తమ ఖాతాతో ఒకసారి తెరిచి చూశాకే డబ్బులివ్వాలి. తెరమీద కదలని గీత ఒక్కటి కనిపించినా వదిలేయాలి. ఈ-ఇంక్ తెర లోపలి పొర ఎక్కువగా పలుచని గాజే. పగిలితే మదనపల్లెలో ఫోన్ గ్లాసు మార్చే షాపులో అయ్యే పని కాదు, కొత్త తెర దొరికినా ఖర్చు కొత్త మిషను ధరకు దగ్గర్లో ఉంటుంది. అందుకని మిషనుతో పాటే గట్టి అట్ట ఉన్న కవరు కూడా బిల్లులో వేయించుకోవాలి.