వెబ్‌సైటులో మనిషిని పోల్చుకొనుట ఎట్లు?

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలు ఒకదాని ప్రక్క ఒకటి ఉన్నవి. ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుటకై పల్లెలనుండి వచ్చిన యువకులు, యువతులు ఇక్కడి హాస్టళ్లలో పెద్ద సంఖ్యలో ఉందురు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము వారికి నిత్యము చదువుకొను చోటు. ఇన్ని హాస్టళ్లకు, మెస్సులకు ప్రతిదినము బియ్యము, పప్పు, కూరగాయలు కావలెను. రైతు ఉత్పత్తిదారుల సంఘము వెబ్‌సైటు పెట్టుకొని నేరుగా వీరికి సరుకు అమ్మినచో దళారి వాటా రైతుకే మిగులును.

అయితే వెబ్‌సైటులో బేరమాడు మనిషి కంటికి కనబడడు. ఒక మెస్సు యజమాని పేరు పెట్టుకొని ఎవడో 40 బస్తాల బియ్యము అరువుకు తెప్పించుకొని మాయమయ్యెననుకొందము. ఆ నష్టము సంఘములోని ప్రతి రైతు మీద పడును. అందుచేత కొనువారిని, అమ్మువారిని పోల్చుకొను ఏర్పాటు ముందుగానే చేసికొనవలెను.

రైతు బజారు నేర్పిన పాఠము

ఈ చిక్కు క్రొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రములో 1999 జనవరి 26న రైతు బజార్లు ప్రారంభమైనప్పుడు, రైతు పేరుతో వ్యాపారి లోనికి రాకుండుటకు ఫోటో గుర్తింపు కార్డులు పెట్టిరి. నిజముగా సాగు చేయుచున్నాడా, ఏ పంట వేసినాడు అని విచారించి కార్డు ఇచ్చుట ఆ పద్ధతి. కార్డునకు విలువ వచ్చినది ఆ విచారణ వలననే. వెబ్‌సైటునకు కూడ ఇదే సూత్రము వర్తించును.

ఎవరిని ఏమి అడుగవలెను?

అందరినీ అన్నీ అడుగుట తగదు. రొక్కము ముందే చెల్లించి 5 కిలోల బియ్యము కొను విద్యార్థిని ఆధార్ అడుగవలసిన పని లేదు. పేరు, చిరునామా, ఫోను నంబరు చాలును. ఫోనుకు ఓ.టి.పి. పంపి, అతడే దానిని వెబ్‌సైటులో నింపునట్లు చేసినచో ఆ నంబరు అతని చేతిలో ఉన్నదని తెలియును. ఫోను చేసి ఓ.టి.పి. చెప్పమని మాత్రము ఎన్నడును అడుగరాదు.

అరువు కోరు వ్యాపారి జి.ఎస్.టి. నంబరు తీసికొనవలెను. అది 15 అక్షరములు, అంకెలు కలిసినది. మొదటి రెండంకెలు రాష్ట్రమును తెలుపును. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తరువాతి పది పాన్ నంబరు. జి.ఎస్.టి. వెబ్‌సైటులో ఆ నంబరు వేసి, వ్యాపారి పేరు, చిరునామా, రిజిస్ట్రేషను చెల్లుచున్నదా రద్దయినదా అను సంగతి ఎవరైనను చూడవచ్చును. సరుకు దింపు చోటు ఆ చిరునామాతో సరిపోనిచో, బండి బయలుదేరక ముందే విచారించవలెను.

సంఘమునకు పంట తెచ్చు రైతుకు పట్టాదారు పాసు పుస్తకము, బ్యాంకు ఖాతా చూచిన చాలును. కౌలు రైతు విషయములో భూమి యజమానిని, ఇరుగుపొరుగు రైతులను విచారించవలెను.

జిరాక్సు నకలు రుజువు కాదు

చాలమంది ఆధార్ కార్డు ఫోటో తీసి పంపుమని అడిగి, అంతటితో పని అయినదనుకొందురు. నకలులో పేరు మార్చుట, ఫోటో మార్చుట కష్టము కాదు. ఆధార్ అవసరమైన చోట కార్డు మీది క్యు.ఆర్. గుర్తును ప్రాధికార సంస్థవారి యాప్‌తో చదివించవలెను. దానిలో సంస్థ డిజిటల్ సంతకము ఉండును గనుక, వివరములను మార్చినచో బయటపడును. 2015లో ప్రారంభమైన డిజిలాకరు ద్వారా, మనిషి తన సమ్మతితో పత్రమును జారీచేసిన శాఖనుండే చూపవచ్చును.

చట్టమును కూడ తెలిసికొనవలెను. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు, ప్రైవేటు సంస్థలు ఒప్పందము పేరుతో ఆధార్ ధ్రువీకరణ కోరుటకు వీలిచ్చిన భాగమును కొట్టివేసినది. 2019 సవరణ ప్రకారము, ఆఫ్‌లైను పద్ధతిలో పరిశీలించు సంస్థ మనిషి సమ్మతి పొందవలెను. ఆధార్ సంఖ్యను గాని, వ్రేలిముద్రలను గాని సేకరించి దాచరాదు. ఈ నియమములు మారుచుండును గనుక, ఏర్పాటు మొదలిడుటకు ముందు, సంఘము నమోదు కావలసియున్నదేమో ప్రాధికార సంస్థ వెబ్‌సైటులో చూచుకొనవలెను.

రెండు హెచ్చరికలు

2012లో అనంతపురము జిల్లాలో ‘కొత్తిమీర’ అను పేరున ఒక ఆధార్ కార్డు వెలువడినది. తండ్రి పేరు పలావు, ఫోటో ఉండవలసిన చోట సెల్‌ఫోను బొమ్మ! కార్డు జారీ అయినది నిజము; మనిషి మాత్రము లేడు. యంత్రము కాగితము నిజమా కాదా అని చెప్పునే గాని, ఆ కాగితము వెనుక మనిషి ఉన్నాడా అని చెప్పజాలదు.

రెండవది ఇంకను గట్టిది. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని హైదరాబాదు పోలీసులు పట్టుకొనిరి. భూముల రిజిస్ట్రేషను దస్తావేజులు ప్రభుత్వ వెబ్‌సైటులో అందరికీ దొరకుచుండెను. వాటిలోని ఆధార్ సంఖ్యలు, వ్రేలిముద్రలు తీసికొని, రబ్బరు స్టాంపులు చేయు యంత్రముతో దొంగ ముద్రలు తయారుచేసి, ఎవరెవరి పేర్లనో సిమ్ కార్డులు తెరచెనని తేలినది. భూమి అమ్ముకొన్న రైతు వేసిన వ్రేలిముద్రయే దొంగకు తాళపు చెవి అయినది. రహస్యపు మాట బయటపడినచో మార్చుకొనవచ్చును, వ్రేలిముద్రను మార్చుకొనలేము.

దాచనిది దొంగిలింపబడదు

కావున పరిశీలించుట వేరు, దాచుట వేరు. చూచిన పిమ్మట ‘ఫలానా తేదీన, ఫలానా పత్రము చూచి సరిపోల్చితిమి’ అని వ్రాసికొనిన చాలును. కార్డు ఫోటోలు వెబ్‌సైటులో గాని, ఉద్యోగి ఫోనులో గాని, వాట్సాప్ గుంపులో గాని ఉండరాదు. కార్డు నకలు తప్పనిసరియైనచో, చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధార్ తీసికొనవలెను. 2023లో వ్యక్తిగత వివరముల రక్షణకై పార్లమెంటు చట్టము చేసినది. 2025 నవంబరులో నియమములు వెలువడినవి; వాటిలో ముఖ్యమైన బాధ్యతలు విడతల వారీగా అమలునకు వచ్చును. ఎందుకు అడుగుచున్నామో తెలుపుట, సమ్మతి పొందుట, పని తీరిన పిమ్మట చెరిపివేయుట వాటి సారాంశము.

నాట్లు వేసి, కలుపు తీసి అరిగిన వ్రేళ్లు యంత్రమునకు అందక పోవచ్చును. అందుచేత ఎవరినీ త్రిప్పి పంపరాదు. వేరొక పత్రముతోనో, ఇద్దరు సభ్యుల సాక్ష్యముతోనో పని జరుగు మార్గమును ముందే నియమావళిలో వ్రాసికొనవలెను.

ఇక్కడనే గ్రామాధికారుల సహాయము కావలెను. సర్వే నంబరు ఎవరిదో, సాగు ఎవరిదో వారెరుగుదురు. సంఘము క్రొత్త సభ్యుల జాబితాను ఏటా ఒకసారి గ్రామసభలో చదివించినచో, దొంగ పేరు ఉన్నయెడల అక్కడికక్కడే బయటపడును. అట్లే అశోక్‌నగర్‌లో చదువుకొనుచున్న మీ పిల్లలకు కూడ ఒక మాట చెప్పుడు: హాస్టలులో గాని, జిరాక్సు దుకాణములో గాని కార్డు నకలు ఇచ్చునప్పుడు, దాని మీద తేదీ, ఎందుకొరకు ఇచ్చుచున్నారో అడ్డముగా వ్రాసి ఇమ్మనుడు. మిగిలిపోయిన నకళ్లను అక్కడ వదలక చించివేయుమనుడు.