నలుగురి సంసారం... మెల్‌బోర్న్‌లో నెలకెంత?

ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చిందని తెలియగానే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న ‘ప్యాకేజీ ఎంత?’ అనే. ఏడాదికి 90 వేల డాలర్లు అనగానే ఎవరో ఒకరు ఫోను తీసి 58తో గుణిస్తారు. 52 లక్షల 20 వేలు! ఆ అంకె ఊరంతా తిరుగుతుంది. కూతురి పెళ్లికి చేబదులు అడుగుదామనుకుంటున్న పెదనాన్నకీ, ఇంటి మీద ఇంకో అంతస్తు వేద్దామనుకుంటున్న నాన్నకీ చేరుతుంది. అందులో చేతికొచ్చేదెంత, వచ్చినదాంట్లో అక్కడే కరిగిపోయేదెంత అన్నది విడమరిచి చెప్పే తీరిక ప్రయాణం హడావిడిలో ఉన్నవాళ్లకు ఉండదు. ఒక్కోసారి వాళ్లకే తెలియదు.

2016 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 34 వేల పైచిలుకు. 2021కి ఆ సంఖ్య 59 వేలు దాటింది. ఒంటరిగా చదువుకోవడానికి వెళ్లే పిల్లల లెక్క వేరు. వాళ్లు నలుగురైదుగురు ఒక ఇంట్లో సర్దుకుంటారు, వంతులేసుకుని వండుకుంటారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, వెనక ఇండియాలో పెద్దవాళ్లు... ఇలా సంసారమంతా తరలినప్పటి లెక్క వేరు. ఈ కథనం రెండో రకం వాళ్ల గురించి.

ఓ కుటుంబాన్ని ఊహించుకుందాం. భర్తది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య స్కూల్లో టీచరు. పాప మూడో తరగతి, బాబుకు మూడేళ్లు. చేతిలో స్కిల్డ్ పర్మనెంట్ వీసా, అంటే పీఆర్. దిగేది మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, మనవాళ్లు చాలామంది స్థిరపడిన టార్నీట్, ట్రుగనైనా, పాయింట్ కుక్ చుట్టుపక్కల. ఇంటద్దెలు, సరుకుల అంకెలు మా అంచనా, డాలరుకు 58 రూపాయల చొప్పున. పన్నులు, ఫీజులు 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

విమానం ఎక్కకముందే

వీసా ఫీజు ప్రధాన దరఖాస్తుదారుకు 5 వేల డాలర్లకు కాస్త తక్కువ. జీవిత భాగస్వామికి అందులో సగం, ఒక్కో పిల్లకు పావు వంతు. నలుగురికీ కలిపి 10 వేలకు దగ్గర, అంటే దాదాపు 5 లక్షల 70 వేల రూపాయలు. ఇంగ్లిష్ పరీక్షలు, చదువు-అనుభవాల మదింపు, వైద్య పరీక్షల ఖర్చు దీనికి అదనం. భార్యకు కనీస ఇంగ్లిష్ వచ్చని రుజువు చూపకపోతే మరో 5 వేల డాలర్ల దాకా కట్టాలి. డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు కాలేజీ ఇచ్చే లేఖతోనే ఆ 3 లక్షల రూపాయలు మిగిలిపోవచ్చు. వీసాకు దరఖాస్తు చేసేనాటికే ఆ కాగితం చేతిలో ఉండాలి. వీసాకు కావాల్సిన పాయింట్లు చాలనివాళ్లకు మన భాషే ఆసరా అవుతుంది. నాటి అనే సంస్థ నిర్వహించే సీసీఎల్ పరీక్షలో తెలుగు ఉంది, పాసైతే 5 పాయింట్లు కలుస్తాయి.

డబ్బు పంపే దగ్గర ఇంకో మెలిక. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటి విదేశానికి పంపితే, దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 7 లక్షలే. రిటర్న్ వేసినప్పుడు ఆ డబ్బు సర్దుబాటు అవుతుంది కానీ, అవసరం ఉన్నది ఇప్పుడు కదా. పరిమితి మనిషికి ఇంత అని ఉంది కాబట్టి, భార్యకు సొంత పొదుపు ఉంటే ఆమె డబ్బు ఆమె పాన్ మీదే పంపుకోవడం మేలు.

ఎంత పంపాలి? అద్దె ఇంటికి ఒక నెల బాండు (డిపాజిట్), ఒక నెల అడ్వాన్సు. ఇల్లు దొరికేదాకా రెండు మూడు వారాలు తాత్కాలిక బస. సెకండ్‌హ్యాండ్ కారు 12 వేలు. మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, దుప్పట్లు 3 వేలు. పీఆర్ చేతిలో ఉండి ఉద్యోగం లేకుండా దిగేవాళ్లు చాలామంది కాబట్టి మూడు నెలల ఇంటి ఖర్చు. అంతా కలిపితే 32 వేల డాలర్లు, అంటే పద్దెనిమిదిన్నర లక్షల రూపాయలు. ఇంత లేకుండా వెళ్లినవాళ్లూ నిలదొక్కుకున్నారు, కాదనను. కానీ పిల్లలతో వెళ్లేటప్పుడు ఆ సాహసం చేయమని ఎవరికీ చెప్పను. చేతిలో మూడు నెలల డబ్బు ఉన్నవాడు తన చదువుకు తగిన ఉద్యోగం కోసం ఆగగలడు. లేనివాడు దొరికిందే చేయాలి.

జీతం ఎంత, చేతికెంత

ఆఫర్ లెటర్ రాగానే అడగాల్సింది ఒకటుంది: ఆ 90 వేలల్లో సూపర్ కలిసి ఉందా, లేదా? సూపర్‌యాన్యుయేషన్ మన పీఎఫ్ లాంటిది. 2025 జులై నుంచి యజమాని జీతం మీద 12 శాతం జమ చేయాలి. అది రిటైర్మెంట్ దాకా చేతికి రాదు. ‘ప్యాకేజీ’ అని రాసి సూపర్‌ను అందులో కలిపేస్తే అసలు జీతం 80 వేల చిల్లరే.

జీతమే 90 వేలు అనుకుందాం. ఆదాయ పన్ను, ప్రభుత్వ వైద్య పథకమైన మెడికేర్ కోసం 2 శాతం లెవీ పోగా ఏడాదికి చేతికొచ్చేది 70,400. నెలకు 5,870. చుట్టాల 52 లక్షలు ఇక్కడికే 41 లక్షలయ్యాయి.

అందులోంచి మొదట పోయేది అద్దె. అక్కడ అద్దె వారానికి చెబుతారు. 500 అంటే నెలకు 2 వేలే కదా అని మన బుర్ర లెక్కేస్తుంది. ఏడాదికి 52 వారాలు, నెలకు నాలుగు వారాల మీద రెండు మూడు రోజులు అదనం. కాబట్టి అసలు అద్దె 2,167. కొత్తగా వచ్చినవాళ్లకు అక్కడి అద్దె చరిత్ర ఉండదు. ఇల్లు చూడటానికి వచ్చిన పాతిక మందిలో ఏజెంటు మన దరఖాస్తును పక్కన పెట్టేస్తాడేమోనన్న భయంతో ప్రకటించిన అద్దె కన్నా ఎక్కువ ఇస్తామనేవాళ్లు ఒకప్పుడు. విక్టోరియా రాష్ట్రంలో 2025 నవంబరు 25 నుంచి ఆ వేలంపాటను చట్టం నిషేధించింది. బాండు డబ్బు ఇంటి ఓనరు జేబులోకి వెళ్లదు, ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటుంది. చేరిన రోజున గోడల మీద గీతలు, కార్పెట్ మీద మరకలు ఫొటోలు తీసి కండిషన్ రిపోర్టులో రాయిస్తే అది వెనక్కి వస్తుంది. మన పోపుల పొగ ఆ ఇళ్ల గోడలకు కొత్త కాబట్టి ఖాళీ చేసేటప్పుడు వంటగది దగ్గరే పేచీ.

సరుకులకు నెలకు 1,200. బియ్యం, పప్పు, కూరగాయలు, పాలు వంటి మామూలు ఆహారం మీద జీఎస్టీ లేదు. ఇండియన్ స్టోర్లో సోనామసూరి, కందిపప్పు, గోంగూర అన్నీ దొరుకుతాయి. కరెంటు, గ్యాస్, నీళ్లకు 350. జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం, పొద్దున్నే 6 డిగ్రీలకు పడిపోతుంది, ఆ మూడు నెలల హీటర్ బిల్లు వేరే నెలలతో పోల్చుకోకూడదు. ఫోన్లు, ఇంటర్నెట్‌కు 140. కారు పెట్రోలు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ కలిపి 450. మన లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది, ఆ తర్వాత అక్కడి పరీక్ష పాసవ్వాలి. పిల్లలకు మాత్రం ఓ మేలు: 2026 జనవరి నుంచి విక్టోరియాలో 18 ఏళ్లలోపు వాళ్లకు బస్సు, రైలు, ట్రాము ఉచితం.

ఇవన్నీ కలిపితే 4,300. మిగిలేది పదిహేను వందల పైన. పాప యూనిఫాం, స్కూలు క్యాంపులు, పంటి డాక్టరు, బట్టలు, ఇండియాలో ఫ్లాటు ఈఎంఐ, ఎల్‌ఐసీ, నడుస్తున్న చీటీ, అమ్మానాన్నల మందులు... అన్నీ అందులోనే.

మనిషి చేతి ఖరీదు

అక్కడ బతుకు ఎందుకు ఖరీదు అన్నప్పుడు మనం వెంటనే కొత్తిమీర కట్ట ధర చెబుతాం. అసలు తేడా సరుకుల్లో లేదు. మనిషి చేసే పనిలో ఉంది. 2025 జులై నుంచి ఆస్ట్రేలియాలో కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు, 1,447 రూపాయలు. కుళాయి బాగుచేసే మనిషి, జుట్టు కత్తిరించే మనిషి, పిల్లాడిని చూసుకునే ఆయా, అందరి పనికీ ఆ పునాది మీదే ధర కడతారు.

హైదరాబాద్‌లో ఈ కుటుంబాన్ని నడిపించినవాళ్లెవరు? గిన్నెలు తోమి ఇల్లు తుడిచే పనిమనిషి. స్కూలు ఆటో డ్రైవరు. బట్టలు ఇస్త్రీ చేసే మనిషి. మధ్యాహ్నం బాబుకు అన్నం తినిపించి నిద్రపుచ్చే నానమ్మ. మొదటి ముగ్గురి శ్రమను మనం చాలా తక్కువకు కొన్నాం. ఈ మాట కటువుగా ఉన్నా అనాల్సిందే. నానమ్మ శ్రమకు అసలు ఖరీదే కట్టలేదు. ఈ నలుగురూ లేని ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ఆ పని మొత్తం ఇద్దరి మీద పడుతుంది. నిజం చెప్పాలంటే చాలా ఇళ్లలో ఒక్కరి మీదే పడుతుంది.

మూడేళ్ల బాబు విషయమే చూడండి. చైల్డ్‌కేర్ సెంటర్లో రోజుకు 150 డాలర్లు అనుకుందాం. టీచరుగా చేరాలంటే ఆమె విక్టోరియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టీచింగ్‌లో రిజిస్టరు కావాలి, దానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా 60 వేల జీతానికి ఇంకేదో ఉద్యోగంలో చేరింది. పన్నులు పోగా నెలకు 4,170 ఆమె చేతికొస్తుంది. పీఆర్ ఉన్న కుటుంబం కాబట్టి ప్రభుత్వం చైల్డ్‌కేర్ సబ్సిడీ ఇస్తుంది. ఇద్దరి ఆదాయం కలిపి లక్షన్నర దగ్గర అది దాదాపు 77 శాతం. సబ్సిడీకున్న గంట ఫీజు పరిమితి, అందులో ముందుగా ఆపి ఉంచే కొంత భాగం కూడా లెక్కేస్తే, వారానికి ఐదు రోజులు పంపినా జేబులోంచి పోయేది నెలకు 930. మూడు వేల పైన మిగులుతుంది, సంసారం గట్టున పడుతుంది.

ఇదే కుటుంబం పీఆర్‌తో కాక కంపెనీ స్పాన్సర్ చేసిన తాత్కాలిక వీసాతోనో, స్టూడెంట్ వీసాతోనో వెళ్లిందనుకోండి. మామూలుగా వాళ్లకు ఆ సబ్సిడీ ఉండదు. అదే సెంటరు, అదే బాబు, నెలకు 3,250. ఆమె జీతంలో నాలుగింట మూడు వంతులకు పైగా అక్కడికే. ‘నువ్వు ఉద్యోగం చేసి తెచ్చేదెంత, ఇంట్లోనే ఉండు’ అన్న మాట పుట్టేది ఈ అంకె దగ్గరే. పదేళ్లు పాఠాలు చెప్పిన మనిషి వంటింటికి పరిమితమయ్యేది ఇక్కడే. బాబు స్కూల్లో చేరేదాకా రెండేళ్లు ఆగుదామనుకుంటారు. ఆ రెండేళ్ల విరామం ఆమె రెజ్యూమేలో కూర్చుంటుంది, ఆ తర్వాత ప్రతి ఇంటర్వ్యూలో దానికి జవాబు చెప్పుకోవాలి. వీసా రకం ఎంచుకునేటప్పుడు భర్త కంపెనీ చెప్పిన తేదీ కన్నా ఈ లెక్కే ముందు చూడాలని నా అభిప్రాయం. ఆ చర్చలో ఆమె కూర్చుని ఉండాలి, ఫైలు చూసి సంతకం పెట్టడం చాలదు.

పీఆర్ వచ్చి, ఉద్యోగం ఇంకా వెతుక్కుంటున్న తల్లులకు 2026 జనవరి నుంచి కొంత ఊరట. సబ్సిడీకి అర్హులైన కుటుంబాలన్నిటికీ వారానికి మూడు రోజుల దాకా సబ్సిడీతో కూడిన చైల్డ్‌కేర్, తల్లిదండ్రులు పనిచేస్తున్నారా లేదా అని చూడకుండా దొరుకుతుంది. విక్టోరియాలో మూడు, నాలుగేళ్ల పిల్లలకు 2023 నుంచి ఫ్రీ కిండర్ కూడా ఉంది. ఇవి అడిగినవాళ్లకే అందుతాయి. దిగిన వారంలోనే మెడికేర్‌కూ, సబ్సిడీలు చూసే సెంటర్‌లింక్‌కూ దరఖాస్తులు పెట్టుకోవాలి.

ఇంటి ఖర్చును పెంచిన ఆ కనీస వేతనమే కొత్తగా వచ్చినవాడిని నిలబెడుతుంది కూడా. మెల్‌బోర్న్ పడమటి శివార్ల నిండా గోదాములే. తన రంగంలో ఉద్యోగం దొరికేలోపు అక్కడ పెట్టెలు సర్దే పనికి కుదిరిన ఇంజినీరుకు, క్యాజువల్ ఉద్యోగాలకు కలిపే 25 శాతంతో, గంటకు 31 డాలర్లు వస్తుంది. వారానికి 38 గంటలు చేస్తే అద్దె పోను సరుకులకు మిగులుతుంది. మన దగ్గర గోదాములో మూటలు మోసే మనిషి తన జీతంతో ఇల్లు అద్దెకు తీసుకుని ఇద్దరు పిల్లలున్న సంసారాన్ని నడపగలడా? అందుకే అక్కడి బిల్లులు చూసి నిట్టూర్చే ప్రతిసారీ, ఆ బిల్లు అవతలి చివర ఒక మనిషి నెల జీతం ఉందన్నది గుర్తుంచుకోవాలి.

వెనక మిగిలిన ఇల్లు

వెళ్లిపోయాక హైదరాబాద్ ఫ్లాటు అద్దెకిస్తారు. ఎన్నారై ఓనరుకు అద్దె కట్టే మనిషి 30 శాతం, సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. చాలామంది అద్దెదారులకు ఇది తెలియదు, నోటీసు వచ్చినప్పుడు ఇద్దరికీ తలనొప్పి. సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చాలి. ఇవి కాగితాల పనులు, వెళ్లేముందు ఒక్క రోజు కూర్చుంటే తెమిలిపోతాయి.

తెమలనిది పెద్దవాళ్ల సంగతి. కాన్పుకో, పిల్లల చిన్నతనంలోనో అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి నెలల తరబడి ఉంటుంది. ఆమెకు మెడికేర్ లేదు, ఇన్సూరెన్సు కొనాలి. శాశ్వతంగా తెచ్చుకుందామంటే కాంట్రిబ్యూటరీ పేరెంట్ వీసా ఒక్కరికే 48 వేల డాలర్ల పైమాటే, ఇద్దరికీ కలిపి 50 లక్షల రూపాయలు దాటుతుంది. అంత కట్టినా పదేళ్లకు మించిన నిరీక్షణ. అరవై ఐదేళ్ల తల్లికి ఈ రోజు దరఖాస్తు పెడితే అది ఏ వయసులో చేతికొస్తుందో లెక్కేసుకోండి. దాదాపు ఏ కుటుంబమూ వెళ్లేముందు ఈ అంకె చూడదు. చూసి వెళ్లడం వేరు, ఐదేళ్ల తర్వాత నాన్న మంచానపడ్డాక తెలుసుకోవడం వేరు.

అందుకే నెలవారీ పద్దులో ఇంకో గీత చేర్చమంటాను. సింగపూర్ మీదుగానో, కౌలాలంపూర్ మీదుగానో హైదరాబాద్‌కు భార్యాభర్తలిద్దరి రానూపోనూ టికెట్ల డబ్బు, అదీ స్కూళ్ల సెలవులకు అందరూ ప్రయాణమయ్యే డిసెంబరు ధరలో. మొదటి జీతం నుంచే కొద్దికొద్దిగా వేరే ఖాతాలో వేయాలి. కారు పాడైనా, బాండు పేచీ వచ్చినా, ఇండియాలో ఈఎంఐ తప్పేలా ఉన్నా ఆ ఖాతా ముట్టుకోకూడదు. ఈ సంగతి ఇక్కడున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు కూడా చెప్పి ఉంచాలి. అర్ధరాత్రి ఫోన్ చేయాల్సి వచ్చినప్పుడు ‘వాడికి ఇబ్బందేమో’ అని వాళ్లు తటపటాయించకుండా ఉంటారు.